పాత డిస్కు డాక్టరు, కొత్త కంప్యూటరు



బొల్లారం పక్కనే ఉన్న కౌకూర్ నుండి ఒక సంఘ పెద్దగారు రాసిన ఉత్తరానికి ఈ నెల జవాబు ఇస్తున్నాము. ఆయన అడిగిన సంగతి ఒక్క కౌకూర్‌కే చెందినది కాదు. పాత కంప్యూటరును పక్కన పెట్టి కొత్తది కొనుక్కున్న ప్రతి ఇంటికీ, ప్రతి సంఘ కార్యాలయానికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. గనుక కొంచెం వివరంగానే రాస్తున్నాము.

ఉత్తరం సారాంశం ఇది: "మా సంఘం బాప్తిస్మ, వివాహ రిజిస్టర్ల నకళ్లు, కానుకల లెక్కలు, ఆదివార బడి ఫొటోలు అన్నీ 1 టెరాబైటు బయటి హార్డుడిస్కులో దాచుకున్నాము. పాత కంప్యూటరు నుండి దానిలోకి ఫైళ్లు ఎక్కిస్తుండగా కరెంటు పోయింది. ఇప్పుడు ఆ డిస్కును కొత్త ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి అని అడుగుతోంది. చాలా ఏళ్ల క్రితం కొన్న డిస్కు రిపేరు సి.డి. ఒకటి మా దగ్గర భద్రంగా ఉంది. బయటి సి.డి. డ్రైవు తెచ్చి పెట్టినా అది కొత్త ల్యాప్‌టాప్‌లో నడవడం లేదు. ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో సెక్యూర్ బూట్ అనేదాన్ని తీసేస్తే నడుస్తుందని ఒకరు చెప్పారు. తీయమంటారా?"

వివరాల్లోకి పోకముందు మూడు మాటలు. ఫార్మాట్ అనే బొత్తాన్ని నొక్కకండి. సెక్యూర్ బూట్‌ను ఇప్పుడే ముట్టుకోకండి. ఆ డిస్కును ఊడదీసి, ఎవరూ మళ్లీ మళ్లీ తగిలించి చూడకుండా బీరువాలో పెట్టండి. ఈ మూడూ ఎందుకో కింద చదవండి.

డిస్కులో ఒక పహాణీ ఉంటుంది

మన ఊళ్లలో భూమి వేరు, పహాణీ వేరు. పహాణీనే ఆంధ్ర జిల్లాల్లో అడంగల్ అంటారు. అందులో ఒక పేజీ చిరిగితే భూమి ఎక్కడికీ పోదు. కాని ఏ సర్వే నంబరు ఎవరిదో చెప్పే ఆధారం పోతుంది.

డిస్కు సంగతి కూడా అలాంటిదే. 1 టెరాబైటు డిస్కును 512 బైట్ల చొప్పున లెక్కిస్తే దాదాపు 195 కోట్ల చిన్న గళ్లు ఉంటాయి. ఫోనుతో తీసిన 3 మెగాబైట్ల ఫొటో ఒకటి సుమారు 6,000 గళ్లలో పరచుకొని ఉంటుంది. ఏ ఫైలు ఏ గళ్లలో ఉందో డిస్కులోనే ఒక పట్టికలో రాసి ఉంటుంది. ఆ పట్టిక ఎక్కడ ఉందో చెప్పేది డిస్కు మొదట్లో ఉండే ఒక ముఖ్యమైన గడి.

ఫైళ్లు ఎక్కుతుండగా కరెంటు పోతే ఆ రాతలో కొంత సగంలో నిలిచిపోవచ్చు. అప్పుడు కంప్యూటరు మొదటి గడిని గాని పట్టికను గాని చదవలేక, ఇది ఖాళీ డిస్కు కాబోలు అనుకొని ఫార్మాట్ చేయమని అడుగుతుంది. ఆ ప్రశ్నకు అర్థం మీ ఫైళ్లు పోయాయని కాదు. పహాణీ చదవలేకపోతున్నానని మాత్రమే. మీరు సరే అన్న యెడల, పాత పహాణీ ఉన్నచోట కొత్త ఖాళీ పహాణీ రాసి పెడుతుంది. త్వరగా చేసే ఫార్మాట్ అయితే పాత గళ్లలో చాలావరకు మిగులుతాయి. పూర్తి ఫార్మాట్ అయితే, 2007లో వచ్చిన విండోస్ విస్టా మొదలుకొని, ప్రతి గడిలోనూ సున్నాలు రాసేస్తుంది. ఆ తరువాత ఎవరూ ఏమీ చేయలేరు.

రిపేరు అంటే రాయడమే

ఇక్కడ ఒక సంగతి బాగా తెలుసుకోవాలి. డిస్కు రిపేరు ప్రోగ్రాము మీ ఫైలు లోపలి మాటలను బాగుచేయదు. అది బాగుచేసేది పట్టికను. పట్టికకూ గళ్లకూ పొత్తు కుదరకపోతే, పట్టికను నిలబెట్టడానికి అవసరమైతే ఫైలునే తెంచేస్తుంది. తెగిన ముక్కలను ఫైల్0000.సి.హెచ్.కె. వంటి పేర్లతో ఒక పక్కన పడేస్తుంది. తప్పులు సరిచేశాను అని అది చెప్పే మాట పట్టిక గురించి. మీ వివాహ రిజిస్టరు గురించి కాదు.

అంతేకాదు, రిపేరు చేయడమంటే డిస్కుమీద రాయడమే. తప్పుగా అర్థం చేసుకొని రాస్తే, మిగిలి ఉన్న ఆధారం కూడా చెరిగిపోతుంది. అందుచేత రిపేరు ప్రోగ్రాముకు ఆ డిస్కు లెక్కలు రాసే పద్ధతి తెలిసి ఉండడం చాలా ముఖ్యం.

పాతవారికి ఇది కొత్త పాఠం కాదు. పీటర్ నార్టన్ అనే అమెరికా ప్రోగ్రామరు 1982లో నార్టన్ యుటిలిటీస్ అనే ప్రోగ్రాముల మూటను విడుదల చేశారు. ఆ మూటలో తరువాత చేరిన డిస్కు డాక్టరు మన దేశంలో కంప్యూటరు నేర్చుకున్నవారందరికీ పరిచయం. 1993లో ఎం.ఎస్. డాస్ 6.2తో పాటు స్కాన్‌డిస్క్ వచ్చింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా విండోస్ 98 కంప్యూటరు నీలి తెరమీద నడిపించేది దాన్నే.

1995 ఆగస్టులో విండోస్ 95 వచ్చింది. అంతవరకు ఫైలు పేరుకు 8 అక్షరాలు, చుక్క తరువాత 3 అక్షరాలు మాత్రమే ఉండేవి. కొత్త పద్ధతిలో 255 అక్షరాల వరకు పేరు పెట్టుకోవచ్చు. ఆ పొడుగు పేర్లను పట్టికలోనే దాచిన వరసలుగా రాసేవారు. పాత రిపేరు ప్రోగ్రాములకు ఆ సంగతి తెలియదు. అవి ఆ వరసలను తప్పులుగా చూసి, బాగుచేస్తున్నామనుకొని పొడుగు పేర్లను చెరిపేసేవి. మరుసటి సంవత్సరమే ఫ్యాట్ 32 అనే కొత్త పట్టిక వచ్చింది. అదీ పాత ప్రోగ్రాములకు అంతుపట్టలేదు. ప్రోగ్రాములో లోపం లేదు, డిస్కులోనూ లోపం లేదు. ఇద్దరూ రెండు వేర్వేరు కాలాలవారు, అంతే.

మీ సి.డి. కొత్త ల్యాప్‌టాప్‌లో ఎందుకు నడవదు?

ఇందుకు నాలుగు కారణాలున్నాయి. మీ తెరమీద కనబడే మాటను బట్టి ఏది మీకు వర్తిస్తుందో తెలుసుకోవచ్చు.

మొదటిది, ఈ ప్రోగ్రాము మీ కంప్యూటరులో నడవదు అనే అర్థం వచ్చే మాట. 1990లలో రాసిన చాలా ప్రోగ్రాములు 16 బిట్లవి. 2021లో వచ్చిన విండోస్ 11 కేవలం 64 బిట్లది. దీనిలో 16 బిట్ల ప్రోగ్రాము అసలు తెరుచుకోదు. ఏ సెట్టింగు మార్చినా లాభం లేదు.

రెండవది, సి.డి. నుండి కంప్యూటరును లేపాలని చూసినా అది పట్టించుకోకపోవడం. పాత కంప్యూటర్లను లేపేది బయాస్. కొత్తవాటిని లేపేది యు.ఇ.ఎఫ్.ఐ. అనే మరో పద్ధతి. చాలా ఏళ్లు కొత్త కంప్యూటర్లు పాత బయాస్‌లా కూడా నటించేవి. ఆ ఏర్పాటును 2020 నాటికి ఎత్తివేయాలని ఇంటెల్ కంపెనీ 2017లో ప్రకటించింది. పేరుపొందిన స్పిన్‌రైట్ అనే డిస్కు రిపేరు ప్రోగ్రాము సైతం, 2024లో 6.1 అనే కొత్త రూపంలో వచ్చినా, బయాస్ ఉన్న కంప్యూటరునే కోరుతుంది.

మూడవది, ప్రోగ్రాము లేచినా హార్డుడిస్కు లేదు అని చెప్పడం. కొత్త ల్యాప్‌టాప్‌లలో తిరిగే పళ్లెం ఉండదు. ఎన్.వి.ఎం.ఇ. అనే పద్ధతిలో తగిలించిన ఎస్.ఎస్.డి. బిళ్ల ఉంటుంది. దానితో మాట్లాడే డ్రైవరు పాత సి.డి.లో లేదు. మీ బయటి డిస్కు యు.ఎస్.బి. తీగతో తగులుతుంది గనుక, డాస్ కాలం ప్రోగ్రాములకు చాలావరకు అదీ కనబడదు.

నాలుగవది అన్నింటికంటె ప్రమాదకరమైనది. డిస్కు కనబడి, అది పాడైందని చెప్పడం. డిస్కును భాగాలుగా పంచే పాత పట్టిక 429 కోట్ల గళ్ల వరకే లెక్కపెట్టగలదు. అంటే సుమారు 2 టెరాబైట్లు. కొత్త కంప్యూటర్లలో జి.పి.టి. అనే పెద్ద పట్టిక ఉంటుంది. పాత ప్రోగ్రాములు పొరపాటున తాకకుండా, దానికి ముందు కాపలాగా ఒక పాత తరహా గుర్తు పెట్టి ఉంటుంది. కొన్ని పాత ప్రోగ్రాములు ఆ కాపలానే తప్పుగా ఎంచి, సరిచేయమంటారా అని అడుగుతాయి. సరే అనకూడదు.

ఇది చదివిన తరువాత, సి.డి. నడవలేదని విచారించనవసరం లేదని మీరే గ్రహిస్తారు. నడిచి ఉంటే మీ డిస్కుకు మేలుకంటె కీడే ఎక్కువ జరిగి ఉండేది.

సెక్యూర్ బూట్, 48 అంకెల తాళం

కంప్యూటరును లేపే ప్రోగ్రాము నమ్మదగినదేనా అని చూసే కాపలాదారు సెక్యూర్ బూట్. దాన్ని తీసేస్తే ఏమి జరగవచ్చో చెప్పకుండా తీసేయమనడం మంచిది కాదు.

కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి లోపలి డిస్కు మొత్తం తాళంలో ఉంటుంది. మీరు తాళం వేయకపోయినా విండోస్ తానే వేసుకుంటుంది. 2024లో వచ్చిన 24 హెచ్ 2 అనే విండోస్ 11 రూపం నుండి ఇది మరిన్ని కంప్యూటర్లకు వర్తించింది. సెక్యూర్ బూట్ వంటి సెట్టింగు మారితే, ఎవరో దొంగ తెరుస్తున్నాడేమో అని కంప్యూటరు అనుమానించి, నీలి తెరమీద 48 అంకెల తాళం సంఖ్య అడుగుతుంది. అది లేకపోతే లోపలి ఫైళ్లు ఎవరికీ రావు. తయారుచేసిన కంపెనీకి కూడా రావు.

గనుక ఈ రోజే ఒక పని చేయండి. ల్యాప్‌టాప్‌ను మొదటిసారి తెరిచినప్పుడు ఎవరి మైక్రోసాఫ్ట్ ఖాతా ఇచ్చారో జ్ఞాపకం చేసుకోండి. సామాన్యంగా ఆ 48 అంకెలు ఆ ఖాతాలోనే దాచి ఉంటాయి. మన సంఘాల్లో తరచుగా ఆ ఖాతా యవ్వనస్థుల్లో ఒకరిదో, అమర్చి ఇచ్చిన వ్యక్తిదో అయి ఉంటుంది. ఆ తమ్ముడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాడంటే తాళంచెవి కూడా ఆయనతోనే వెళ్లినట్టు. ఆయనను అడిగి, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది వరసల్లో ఉండే ఆ సంఖ్యను కాగితంమీద రాయించుకొని, రిజిస్టర్లతో పాటు బీరువాలో పెట్టండి.

ఇప్పటికే సెక్యూర్ బూట్ తీసేసి నీలి తెర చూస్తున్నవారు భయపడవద్దు. మార్చిన సెట్టింగును మళ్లీ యథాప్రకారం పెట్టండి. చాలాసార్లు తాళం అడగడం మానేస్తుంది.

మరి మీ డిస్కును ఏమి చేయాలి?

ముందు చెవి పెట్టి వినండి. డిస్కు టక్, టక్ అని ఒకే తీరుగా కొడుతున్న యెడల లోపలి సూది దెబ్బతిన్నదని అర్థం. అలాంటిదాన్ని ఏ ప్రోగ్రాముతోనూ నడపకూడదు. నడిపిన ప్రతి నిమిషం నష్టమే. డేటా రికవరీ చేసేవారికి అప్పగించడమే దారి.

శబ్దం మామూలుగా ఉంటే, రిపేరుకు ముందు నకలు. అంటే ఫైళ్ల నకలు కాదు, గడి గడికీ నకలు. అంతే పరిమాణం గాని అంతకంటె పెద్దది గాని అయిన మరో డిస్కు కొని, మొదటి గడి నుండి చివరి గడి వరకు దానిలోకి దింపాలి. ఇందుకు లినక్స్‌లో డి.డి. రెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. బాగున్న భాగాలను ముందు తీసుకొని, చెడిన చోటికి తరువాత తిరిగి రావడం దాని పద్ధతి. ఉబుంటు వంటి లినక్స్‌ను పెన్‌డ్రైవు నుండి లేపవచ్చు. సెక్యూర్ బూట్ ఉండగానే అది నడుస్తుంది గనుక, ఆ కాపలా తీసేయవలసిన అవసరమే రాదు.

సెకనుకు 100 మెగాబైట్ల వేగం లెక్కన 1 టెరాబైటు నకలుకు సుమారు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు పడుతుంది. చెడిన గళ్లుంటే రోజులు పట్టవచ్చు. మధ్యలో ఆపి కోప్పడవద్దు. అయితే ఒక హెచ్చరిక. ఏది అసలు, ఏది నకలు అనేది తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కుమీద పడుతుంది. ఈ పని తెలిసినవారి చేతనే చేయించండి. అసలు డిస్కుమీద ముందుగా ఎర్ర కాగితం అంటించండి.

నకలు తీశాక అసలు డిస్కును మళ్లీ బీరువాలో పెట్టి, ఇక పనంతా నకలుమీదే చేయాలి. కొత్త కాలపు డిస్కుల పద్ధతి తెలిసిన టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. ఎన్.టి.ఎఫ్.ఎస్. పద్ధతిలో మొదటి గడికి ఒక జోడు నకలు ఆ భాగం చివరలో దాచి ఉంటుంది. ఫ్యాట్ 32 అయితే ఆరవ గడిలో ఉంటుంది. టెస్ట్‌డిస్క్ ఆ జోడును వెదికి, మొదటి గడిని తిరిగి నిలబెట్టగలదు. పట్టిక కూడా చెడి ఉంటే, దానితో పాటే వచ్చే ఫొటోరెక్ పట్టికను వదిలేసి గళ్లనే చదివి ఫొటోలను, పత్రాలను ఏరి ఇస్తుంది. పేర్లు రావు గాని బొమ్మలు వస్తాయి.

విండోస్‌లోని చెక్‌డిస్క్ సంగతి ఏమిటని అడుగుతారు. ఫార్మాట్ అడుగుతున్న డిస్కును విండోస్ రా అనే పేరుతో పిలుస్తుంది. రా డిస్కులకు చెక్‌డిస్క్ పనిచేయదని అదే చెబుతుంది. డిస్కు తెరుచుకొని, కొన్ని ఫైళ్లు మాత్రమే ఇబ్బంది పెట్టినప్పుడు అది పనికివస్తుంది. ఏ గుర్తూ చేర్చకుండా నడిపితే ఊరికే చూసి చెబుతుంది. స్లాష్ ఎఫ్ చేర్చితే పట్టికను సరిచేస్తుంది. స్లాష్ ఆర్ చేర్చితే ప్రతి గడినీ చదువుతుంది. మూలుగుతున్న డిస్కుకు ఈ చివరిది పెద్ద భారం. అనుమతి లేదంటే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరవాలి. లోపలి సి డ్రైవు వాడుకలో ఉంది, తరువాత లేచేటప్పుడు చూడమంటారా అని అడిగితే వై నొక్కి, ల్యాప్‌టాప్‌కు ఛార్జరు పెట్టి, తిరిగి లేపాలి. ఒకే శాతం దగ్గర చాలాసేపు ఆగినా కరెంటు తీయకూడదు.

ఎస్.ఎస్.డి. ఉన్న ల్యాప్‌టాప్‌కు పాత పద్ధతిలో డీఫ్రాగ్ చేయించనవసరం లేదు. దానిలో ఫైలు తీసేస్తే విండోస్ ఆ గళ్లను నిజంగానే ఖాళీ చేయిస్తుంది. పాత హార్డుడిస్కులో తీసేసిన ఫైలును వెదికి తెచ్చినట్టు దీనిలో తేవడం కష్టం.

దుకాణానికి ఇచ్చేటప్పుడు

కౌకూర్ నుండి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దూరం కాదు. కంప్యూటరు సామాను కోసం జిల్లాల నుండి కూడా జనం అక్కడికి వస్తారు. ఎక్కడ ఇచ్చినా మూడు ప్రశ్నలు అడగండి. ముందు గడి గడికీ నకలు తీస్తారా? అసలు డిస్కుమీద ఏమీ రాయకుండా పనిచేస్తారా? ఫైళ్లు రాకపోతే ఎంత తీసుకుంటారు? డిస్కుమీది సీరియల్ నంబరు రసీదులో రాయించుకోండి. ఫైళ్లలో సంఘస్థుల పేర్లు, చిరునామాలు ఉన్నాయని మరవవద్దు.

కాగితం పారేయకండి

బొల్లారంలోని హోలీ ట్రినిటీ చర్చి 1847లో కట్టినది. అంత కాలం నిలిచే హార్డుడిస్కును ఇంతవరకు ఎవరూ చేయలేదు. మన పెద్దలలో అనేకులకు పుట్టిన తేదీ చెప్పే కాగితం బాప్తిస్మ రిజిస్టరులోని ఆ ఒక్క వరసే. పింఛనుకు, ఆస్తి పంపకానికి, పాస్‌పోర్టుకు ఎవరో ఒకరు దానికోసం వస్తూనే ఉంటారు. వివాహ రిజిస్టరైతే 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఉంచవలసిన పుస్తకం. కంప్యూటరులో ఉన్నది దాని నకలు మాత్రమే. నకలు ఉంది గదా అని అసలు పుస్తకాన్ని చెదలకు వదిలేయకూడదు.

కంప్యూటరులో మాత్రమే ఉన్న లెక్కలకు, ఫొటోలకు మూడు చోట్ల మూడు ప్రతులు ఉంచండి. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి డిస్కులో, ఒకటి వేరే ఇంట్లో గాని ఇంటర్నెట్ ఖాతాలో గాని. నెలకు ఒకసారి, లెక్కలు చూసే రోజునే, ప్రతులను కొత్తవి చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరుచుకోని ప్రతి ప్రతి కాదు. కరెంటు నిలకడ లేని చోట బల్లమీది కంప్యూటరుకు యు.పి.ఎస్. తప్పనిసరి. దాని ధర డేటా రికవరీ ఖర్చుకంటె తక్కువే.

కౌకూర్ సహోదరునికి చివరి మాట. మీ పాత సి.డి.ని పారేయనక్కరలేదు. విండోస్ 98 కంప్యూటరు ఇంకా ఎవరి ఇంట్లోనైనా ఉంటే దానికి అది మంచి డాక్టరే. కొత్త ల్యాప్‌టాప్‌కు మాత్రం కాదు. మీ బయటి డిస్కు టక్‌టక్‌మనకుండా ఉండి, దానిమీద ఎవరూ ఏమీ రాయకుండా ఉంటే, మీ ఫైళ్లలో ఎక్కువ భాగం తిరిగి వచ్చే అవకాశం ఉంది. నకలు తీయించే వరకు దాన్ని తగిలించవద్దు.

వచ్చే నెల: పాత తెలుగు అక్షరాలతో టైపు చేసిన ఫైళ్లు కొత్త కంప్యూటరులో పిచ్చి గుర్తులుగా కనబడితే ఏమి చేయాలి?